జలుబే కదా!

మా ఇంట్లో జలుబుకి ఎవరూ డాక్టరు దగ్గరకి వెళ్ళరు. మా అమ్మ వెళ్ళలేదు, మా అత్తయ్యగారు వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. పసుపు వేసి ఆవిరి పట్టడం, వాము మూట కట్టి వాసన చూడడం, రాత్రికి మిరియాల చారు, పడుకునే ముందు నుదుటికి అమృతాంజనం. అంతటితో సరి. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని నవ్వుకోవడం కూడా మామూలే.

"పడిశం పది రోగాల పెట్టు" అన్న సామెత మాత్రం అందరికీ నోటికి వచ్చు. తెలుగు బి.ఏ. చదివే రోజుల్లో సామెతల మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. అయినా దాన్ని సామెతగా చదివానే గానీ, మా పిల్ల విషయంలో నిజమై కూర్చుంటుందని అనుకోలేదు.

మా పెద్దమ్మాయి డల్లాస్‌లో ఎం.ఎస్. చేస్తోంది. పోయినేడాది ఒక ఆదివారం ఉదయం, నేను ఇడ్లీ పిండి గిన్నెలో సర్దుతుండగా వీడియో కాల్ చేసింది. ఎప్పుడూ రెండు చెవులకీ అవేవో తెల్లటి బుడిపెలు పెట్టుకుని మాట్లాడే పిల్ల, ఆ రోజు ఎడమ చెవికి ఒక్కటే పెట్టుకుంది. మాట్లాడుతుంటే మూడుసార్లు "ఏంటమ్మా? మళ్ళీ చెప్పు" అంది. ముఖం కూడా కొంచెం ఎడమ పక్కకి తిప్పి వింటోంది. తల్లికి ఇలాంటివి ఎందుకో ముందు కనబడతాయి.

"ఏమైందే?" అన్నాను.

"జలుబమ్మా. కుడి చెవి దిబ్బడేసింది. తగ్గిపోతుందిలే."

నేనూ అదే అనుకున్నాను. పైగా పెద్ద వైద్యురాలిలా, "కాస్త నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బ వేసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండు చుక్కలు వేసుకో" అని సలహా ఇచ్చాను. సరే అంది. అదృష్టం ఏమిటంటే, దానికి బద్ధకం ఎక్కువ. వేసుకోలేదు. ఆ బద్ధకానికి ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. ఎందుకో తరువాత చెబుతాను.

మంగళవారం రాత్రి మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరుగా ఉంది. "అమ్మా, తిట్టనంటే ఒకటి చెబుతా" అంది. అలా మొదలైందంటే తిట్టాల్సిన సంగతే అయి ఉంటుంది. శనివారం నాడు స్నేహితురాళ్ళు నలుగురితో కలిసి స్కైడైవింగ్‌కి వెళ్ళిందట. విమానంలో 14,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళి, అనుభవమున్న మనిషిని వెనక కట్టి ఇద్దర్నీ కలిపి దూకిస్తారు. దూకింది. క్షేమంగా దిగింది. కానీ అప్పటి నుంచి కుడి చెవి వినబడడం లేదు. లోపల ఎవరో ఈల వేస్తున్నట్టు ఆగకుండా కూత. మంచం మీంచి లేస్తే గది ఒక పక్కకి ఒరిగినట్టు ఉంటోంది.

అప్పటికి జలుబు పట్టి నాలుగు రోజులైందట దూకేటప్పటికి. "జలుబుతో అంత ఎత్తుకి ఎందుకు వెళ్ళావే?" అంటే అది చెప్పిన జవాబు నాకు ఈ రోజుకీ గుచ్చుకుంటూనే ఉంది.

"250 డాలర్లు కట్టేశానమ్మా. ముందురోజు మానేస్తే వెనక్కి ఇవ్వరు. జలుబే కదా అనుకున్నా."

ఆ మాట ఎవరిదో నాకు బాగా తెలుసు. నాదే.

అది ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు వాళ్ళు అరకు తీసుకెళ్ళారు. ముందురోజు నుంచి ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. "వెళ్ళనమ్మా" అంది. "డబ్బు కట్టేశాం, జలుబుకే మానేస్తావా?" అని సంచిలో రెండు రుమాళ్ళు ఎక్కువ పెట్టి పంపించాను. ఘాట్ దిగుతుంటే చెవిపోటుతో ఏడ్చిందని టీచరు చెప్పారు. ఇంటికి వచ్చాక రెండు రోజులకి తగ్గిపోయింది, మేమూ మర్చిపోయాం. ఆ ఏడాది ఒక్క రోజు కూడా బడి మానలేదని దానికి సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పటికీ మా హాల్లో షోకేసులో ఉంది. వచ్చిన వాళ్ళందరికీ చూపించేదాన్ని. జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా బడికి పంపి సంపాదించిన కాగితం అది.

సరే, ఆ రాత్రికి మళ్ళీ వస్తాను. పక్కనుంచి వింటున్న మా వారు ఫోన్ లాక్కుని, "ఆకాశంలోంచి దూకడానికా నిన్ను అంత దూరం పంపింది?" అని కేకలు. లోపలి గదిలోంచి అత్తయ్యగారు, "ఆడపిల్లకి ఈ దూకుళ్ళు ఏమిటి?" అని. అటు పక్క అది ఏడుపు. ఎవరూ చెవి గురించి మాట్లాడరే! నేను ఫోన్ తీసుకుని, "తల్లీ, పొద్దున్నే డాక్టరు దగ్గరకి వెళ్ళు. డబ్బు సంగతి తరువాత" అన్నాను. ఇన్సూరెన్సు ఎంత ఇస్తుందో, చేతి నుంచి ఎంత పడుతుందో అని మూడు రోజులు ఆగిందట అది. అక్కడ చదువుకునే మన పిల్లలందరికీ ఇదొక భయం.

ఆ తరువాత వారం రోజులూ చెవి గురించి నేను తెలుసుకున్నంత నా చదువంతటిలోనూ తెలుసుకోలేదు. మా అమ్మాయికి అక్కడి డాక్టరు చెప్పినదీ, మా ఊళ్ళో ఈ.ఎన్.టి. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి నాకు వివరించినదీ కలిపి నాకు అర్థమైనట్టు చెబుతాను.

చెవి లోపల ఉండే పల్చటి పొరని మనం కర్ణభేరి అంటాం. ఎంత మంచి మాటో చూడండి. భేరికి అటూ ఇటూ గాలి సమానంగా ఉంటేనే అది సరిగ్గా మోగుతుంది. బయటి వైపు గాలి బయటి లోకంలోదే. లోపలి వైపు గాలి రావడానికి ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవిలోకి ఒక సన్నటి గొట్టం ఉంది. యూస్టేషియన్ గొట్టం అంటారు. పదహారో శతాబ్దంలో దాన్ని వర్ణించిన ఇటలీ వైద్యుడు యూస్టాకీ పేరు మీద అలా పిలుస్తారు. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. మనం గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో క్షణంపాటు తెరుచుకుంటుంది. ఘాట్ రోడ్డు మీద చెవులు 'టప్'మని విడిచేది అప్పుడే.

పైకి వెళ్ళేటప్పుడు పెద్దగా ఇబ్బంది ఉండదు. లోపలి గాలి వ్యాకోచించి దానంతట అది బయటికి తోసుకుని వచ్చేస్తుంది. కష్టమంతా కిందికి దిగేటప్పుడు. బయట ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది, లోపలికి గాలి వెళ్ళాలి, కానీ ఆ గొట్టం దానంతట అది తెరుచుకోదు. మనమే గుటక వేసి తెరవాలి. జలుబు చేస్తే ముక్కులో వాచినట్టే ఆ గొట్టం నోరూ వాచిపోతుంది. ఇక ఎన్ని గుటకలు వేసినా తెరుచుకోదు. అప్పుడు కర్ణభేరి లోపలికి పీల్చుకుపోతుంది. నొప్పి, దిబ్బడ, లోపల నీరో రక్తమో చేరడం, ఇంకా మించితే భేరి చిరగడం.

"మరి విమానంలో జలుబుతో ఎంతమంది రావట్లేదు?" అని నేనూ అడిగాను. డాక్టరుగారు లెక్క చెప్పారు. నేల మీద గాలి ఒత్తిడి 100 అనుకుంటే, మామూలు విమానం లోపల దాన్ని 75, 80 దగ్గర ఉంచుతారు. దిగేటప్పుడు ఆ 20, 25 తేడా పూడడానికి ఇంచుమించు అరగంట పడుతుంది. మధ్యలో చాక్లెట్ చప్పరిస్తాం, నీళ్ళు తాగుతాం, ఆవలిస్తాం. అయినా జలుబు ఉన్నవాళ్ళు చెవి పట్టుకుని మూలుగుతూనే ఉంటారు. స్కైడైవింగ్ విమానంలో అలాంటి ఏర్పాటు ఉండదు. 14,000 అడుగుల దగ్గర ఒత్తిడి 60 దాకా పడిపోతుంది. అక్కడి నుంచి దూకాక గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ, 5,000 అడుగుల దగ్గర గొడుగు విచ్చుకునేసరికి ఒత్తిడి 83కి చేరుతుంది. అంటే విమానంలో అరగంటలో వచ్చే మార్పు ఇక్కడ ఒక్క నిమిషంలో వచ్చేస్తుందన్నమాట. ఆ నిమిషంలో ముఖం మీదికి గాలి కొడుతుంటే, గుండె దడదడలాడుతుంటే, గుటక వేయాలని ఎవరికి గుర్తుంటుంది?

మా అమ్మాయికి ఆ నిమిషంలోనే చెవిలో సూది దిగినట్టు పోటు వచ్చిందట. గొడుగు విచ్చుకున్నాక వెనకాయన ముక్కు మూసి మెల్లగా ఊదమని చెప్పాడు. నొప్పికి తట్టుకోలేక అది బలమంతా పెట్టి ఊదింది. లోపల ఏదో తెగినట్టు చప్పుడు. నొప్పి తగ్గింది. హమ్మయ్య అనుకుందట.

అదే అసలు దెబ్బ. మధ్య చెవికి లోపల, నత్తగుల్లలా చుట్టుకున్న ఇంకో చెవి ఉంది. దాని నిండా ద్రవం. దానికీ మధ్య చెవికీ నడుమ చిన్న కిటికీలు, ఒక దానికి పల్చటి పొర. గొట్టం మూసుకుపోయి ఉన్నప్పుడు బిగబట్టి ఊదితే ఆ ఒత్తిడి లోపలి ద్రవం మీద పడి ఆ పొర చిరగవచ్చు. మధ్య చెవికి తగిలిన దెబ్బ చాలావరకు వారాల్లో మానిపోతుంది. లోపలి చెవికి తగిలితే, అక్కడ వినికిడినిచ్చే కణాలు ఒకసారి పోయాయంటే మళ్ళీ మొలవవు.

బుధవారం డాక్టరు శ్రుతిదండం మోగించి నుదుటి మధ్యన పెట్టారట. చెవి కేవలం దిబ్బడ వేస్తే ఆ మోత దిబ్బడేసిన వైపే గట్టిగా వినబడుతుంది. మా అమ్మాయికి బాగున్న ఎడమ వైపు వినిపించింది. ఆయన ముఖం మారిపోయిందమ్మా అంది. అప్పటికప్పుడు చెవి నిపుణుడి దగ్గరకి పంపారు. వినికిడి పరీక్ష, స్టెరాయిడ్ మాత్రలు, తల ఎత్తుగా పెట్టుకుని పడక, బరువులు ఎత్తకూడదు, ముక్కు చీదకూడదు, మేము చెప్పే దాకా విమానం ఎక్కకూడదు. ఇలాంటి వినికిడి లోపానికి స్టెరాయిడ్ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదట. కర్ణభేరి వెనక రక్తం కూడా చేరింది. భేరికి చిల్లు పడి ఉంటే, నేను చెప్పిన నూనె చుక్కలు నేరుగా మధ్య చెవిలోకి దిగి చీము పట్టేదని మా డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు చల్లబడింది. దాని బద్ధకానికి దండం పెట్టుకునేది అందుకే.

ఇప్పుడు చుట్టాల సంగతి. విషయం తెలిసిన ప్రతివాళ్ళూ అన్నది ఒకటే. "అలాంటి పనులు చేస్తే ఇలాగే అవుతుంది." నాకు ఈ మాటతోనే పేచీ. దానితోపాటు దూకిన ముగ్గురు పిల్లలూ శుభ్రంగా ఉన్నారు. వాళ్ళకి జలుబు లేదు, అంతే తేడా. ఇదే పిల్ల పది రోజులు ఆగి, ముక్కు తేటపడ్డాక దూకి ఉంటే ఈ చెవి బాగానే ఉండేది, మాకు నాలుగు ఫొటోలు వచ్చేవి. దూకుడులో ప్రమాదం లేదని నేను అనను. కానీ మా పిల్లకి తగిలిన దెబ్బ జలుబుతో దూకినందుకు తగిలింది. తప్పు ఎక్కడుందో అక్కడ వేలు పెట్టకుండా, మనకి మొదటి నుంచీ నచ్చని దాని మీద నెట్టేస్తే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే. ఇంట్లో చెప్పకూడదు అని.

చెప్పకపోవడం వల్ల ఏం జరిగిందో చూడండి. ఆ ఆదివారం ఉదయం అది "జలుబమ్మా" అని ఊరుకుంది, నేను నూనె వేసుకోమన్నాను. నిన్న ఇలా దూకానమ్మా అని ధైర్యంగా చెప్పగలిగి ఉంటే, కనీసం మా ఊరి డాక్టరుగారినైనా ఆ రోజే అడిగేదాన్ని. మూడు రోజులు కలిసొచ్చేవి. ఆ మూడు రోజులకి మొత్తం చెవి బాగయ్యేదని నేను అనలేను. కానీ కేకలు వేస్తారన్న భయం దాని నోరు నొక్కిందన్నది మాత్రం నిజం.

మరి పిల్లలదేమీ తప్పు లేదా అంటే, ఉంది. ఆ సంస్థవాళ్ళు సంతకం పెట్టించుకున్న కాగితాల్లో జలుబు, సైనస్ ఉంటే దూకవద్దని రాసే ఉందట. "పది పన్నెండు పేజీలు ఎవరు చదువుతారమ్మా?" అంది. ముక్కు దిబ్బడ తగ్గే చుక్కలు వేసుకుని వెళ్ళిందట కూడా. ఆ చుక్కలు ముక్కుని తెరిచినంత తేలిగ్గా ఆ లోపలి గొట్టాన్ని తెరవలేవు. పైగా పైన ఉండగా మందు పని అయిపోతే దిగేటప్పుడు ఏ ఆధారమూ ఉండదు. ముక్కు ఆడుతోంది కదా అని చెవి బాగుందనుకోకూడదు.

దూకడం మన ఇళ్ళలో అందరూ చేసే పని కాదు, నిజమే. కానీ అండమాన్ వెళ్ళి స్కూబా డైవింగ్ చేయని కొత్త జంట ఈ రోజుల్లో ఎక్కడుంది? మన విశాఖ రుషికొండలోనే చేయిస్తున్నారు. నీళ్ళలో ఇంకా కష్టం. 10 మీటర్ల లోతుకి వెళితే చాలు, ఒత్తిడి రెండింతలవుతుంది. డబ్బు కట్టేశాం, సెలవు పెట్టేశాం, మళ్ళీ ఎప్పుడు వస్తాం అనుకుని జలుబుతో దిగేవాళ్ళకి ఈ కథే జరగవచ్చు. విమానంలో దిగేటప్పుడు నిద్రపోయే చంటిపిల్లల్ని లేపి పాలు పట్టమనేది కూడా ఇందుకే. వాళ్ళు గుటక వేయాలి కదా.

అందుకని నాకు తెలిసిన నాలుగు ముక్కలు. ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా, చాలా మెల్లగా ఊదండి. లేదా ముక్కు మూసుకుని గుటక వేయండి. రెండు చెవులూ 'టప్'మనాలి. నేల మీదే ఒక చెవి విడవకపోతే ఆ రోజు పైకీ వద్దు, నీళ్ళలోకీ వద్దు. ఎక్కడా బలం పెట్టి ఊదవద్దు. దిగాక చెవి మందగించినా, కూత పెట్టినా, తల తిరిగినా ఆ రోజే చెవి డాక్టరుకి చూపించండి. తెల్లారితే తగ్గుతుందని ఆగవద్దు. చెవిలో నూనె, వెల్లుల్లి, నీళ్ళు ఏవీ పోయవద్దు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఇంతకీ అసలు పరీక్ష నాకు ఆ తరువాత వచ్చింది. మూడు వారాల్లో మా ఆడపడుచు గారబ్బాయి పెళ్ళి. అమ్మాయి రావడానికి ఆర్నెల్ల ముందే టికెట్టు కొన్నాం, తక్కువకి వస్తుందని డబ్బు వెనక్కి రాని టికెట్టు. డాక్టరు ఇంకా ఎక్కవద్దన్నారు. "చెవి నొప్పికి పెళ్ళి మానుకుంటారా? చెవిలో దూది పెట్టుకుని రమ్మను" అన్నారు మా వదినగారు. నిజం చెబుతున్నాను, నాకూ ఒక రాత్రంతా నిద్ర పట్టలేదు. లక్షకి దగ్గర డబ్బు. దాన్ని చూసి ఏడాదిన్నర అయింది. దానికి కుట్టించిన పట్టు జాకెట్టు బీరువాలో ఉంది. తెల్లవారుజామున లేచి, "రావద్దు తల్లీ" అని మెసేజ్ పెట్టాను. పెళ్ళిలో ఎంతమంది ఎన్ని అన్నారో మీరు ఊహించుకోగలరు.

ఇప్పుడు ఎలా ఉందంటే, తల తిరగడం పోయింది. వినికిడి కొంత వచ్చింది, అంతా రాలేదు. కూత ఇప్పటికీ ఉంది, రాత్రి నిశ్శబ్దంలో ఎక్కువట. సన్నటి శబ్దాలు ఆ చెవికి అందవు. కుడి చెవికి ఫోన్ పెట్టుకుంటే నేను 'సరే' అన్నది దానికి 'అరే' అని వినిపిస్తుంది. చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో వెంటనే తెలియదు కాబట్టి రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు చూస్తుందట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల.

పోయిన నెల ఫోన్ చేసి, "అమ్మా, రేపు స్నేహితులతో డెన్వర్ వెళ్ళాలి. ముక్కు దిబ్బడగా ఉంది. ముక్కు మూసి చూశా, కుడి చెవి విడవట్లేదు. మానేశాను. 140 డాలర్లు పోయాయి" అంది.

140 డాలర్లంటే మన డబ్బులో ఎంతో నా మనసు వెంటనే లెక్క కట్టేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"పోతే పోనీలే తల్లీ, జలుబు కదా" అన్నాను.